గుర్రాల వైద్యులే రాసిన గ్రంథం

చైనాలో తాంగ్ చక్రవర్తుల అశ్వశాలలకు 600 మంది పశువైద్యులుండేవారు. రాజ్యానికి కావలసింది యుద్ధాశ్వమే. మేము ఎక్కువ విలువిచ్చేది మాత్రం 1608 నాటి ‘యువాన్‌హెంగ్ లియావోమా జీ’కి. దాన్ని రాసిన యూ సోదరులిద్దరూ స్వయంగా గుర్రాలకు వైద్యం చేసినవారు. చన్నీళ్ళు తాగి కడుపు చెడి, మేత ముట్టక నీరసించిన గుర్రానికి వారి మందులో దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, అతిమధురం ఉన్నాయి. సగం మన పోపులపెట్టెలోవే! పొడిచేసి, కాచి, గోరువెచ్చగా గొంతులో పోసేవారు.

పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామనీ, మూలికలు లేనిచోట తెప్పించి నాటించామనీ కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుడు అంతకు 1800 ఏళ్ల ముందే చెక్కించాడు. అదీ కళింగ యుద్ధం తర్వాత.

మన అశ్వశాస్త్రాలో? ఒకటి శాలిహోత్ర మహర్షి పేర, మరొకటి పాండవుల నకులుడి పేర. గుర్రాన్ని తోమి, మేపి, మందు పట్టించినవాడి పేరు వాటి మీద లేదు.