కినత్తుకడవు: బావి పేరు పెట్టుకున్న ఊరు, బావి చుట్టూ బతికిన మన తెలుగు

మనవాళ్ళు ఉన్న ఊర్ల గురించి ఒక్కొక్కటిగా రాసుకుంటూ వస్తున్నాం కదా. ఈసారి కినత్తుకడవు. కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చికి సుమారు 40 కిలోమీటర్ల దారి, అందులో ఇంచుమించు సగంలో వచ్చే ఊరు. ఇప్పుడు ఊరి నడుమ పెద్ద వంతెన కట్టారు కాబట్టి బండిలో పోయేవాళ్ళు ఊరిని చూడకుండానే దాటిపోతున్నారు. ఎడమ పక్కనో కుడి పక్కనో చిన్న గుట్ట, దాని మీద గుడి కనిపిస్తే అదే కినత్తుకడవు అనుకుంటారు, అంతే. కిందికి దిగి చూస్తే మన కథ చాలా ఉంది.

ముందు పేరు చూద్దాం. తమిళంలో కిణరు అంటే బావి. కినత్తు అంటే బావి యొక్క అని. కడవు అంటే దారి, దాటే చోటు, రేవు. బావి ఉన్న దారి, బావి దగ్గర దాటే చోటు అని చెప్పుకోవచ్చు. రాజు పేరో దేవుడి పేరో పెట్టుకోకుండా బావి పేరు పెట్టుకున్న ఊరు ఇది. పాలక్కాడు కనుమ నుంచి తూర్పుకి, మైదానం వైపు పోయే బాటసారులకి ఈ ప్రాంతంలో నీళ్ళు దొరికే చోటే పెద్ద గుర్తు. ఈ ఊరి కథని బావి దగ్గర మొదలు పెట్టి బావి దగ్గరే ముగించవచ్చు అని మేము అనుకుంటున్నాం.

ఊరికి కళ్ళకి కనిపించే గుర్తు పొన్‌మలై. పొన్ అంటే బంగారం, మలై అంటే కొండ. పేరుకి కొండే కానీ చిన్న గుట్ట. మెట్లెక్కి పోతే వేలాయుధస్వామి, అంటే మన సుబ్రహ్మణ్యస్వామి. తైపూసానికి చుట్టుపక్కల పల్లెలన్నీ ఇక్కడికే వస్తాయి. ఇంట్లో తిరునామాలు పెట్టుకుని పెరుమాళ్ళని కొలిచే మన కుటుంబాలు కూడా ఈ మురుగన్‌కి మొక్కుకుంటాయి. వలస వచ్చినవాళ్ళు తమ కులదేవతని వెంట తెచ్చుకుంటారు, వచ్చిన ఊరి దేవుణ్ణి కూడా తమవాడిగా చేసుకుంటారు. పైనుంచి చూస్తే నాలుగు వైపులా కొబ్బరి తోటలు, మధ్యలో నల్లరేగడి చేలు, దక్షిణాన దూరంగా ఆనమలై కొండలు.

మనవాళ్ళు ఇంత దూరం ఎట్లా వచ్చారు అని పిల్లలు అడుగుతూ ఉంటారు. టూకీగా చెప్తాం. 14వ శతాబ్దం చివరి భాగంలో విజయనగరపు కుమార కంపన దండయాత్రతో మదురై సుల్తానుల పాలన ముగిసింది. ఆ తరువాత 1529లో మదురైలో విశ్వనాథ నాయకుని పాలన మొదలైంది. ఆయన కాలంలో దళవాయి అరియనాథ మొదలియారుతో కలిసి దేశాన్ని 72 పాళెములుగా పంచారని చెప్తారు. ఆ పాళెగాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. సైన్యాలతో పాటు రైతులు, నేతగాళ్ళు, ఒడ్డెవాళ్ళు, తోలుపని చేసేవాళ్ళు, వర్తకులు తరతరాలుగా వస్తూనే ఉన్నారు. ఒక్క రోజున ఒక్క గుంపుగా జరిగిన వలస కాదు ఇది. 17వ శతాబ్దం చివరికి కొంగునాడు మైసూరు చేతికి పోయింది. 1799లో టిప్పు పడిపోయాక ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. అదే సంవత్సరం వీరపాండ్య కట్టబొమ్మన్‌ని కయత్తారులో ఉరి తీశారు. ఆయన ఇంటి మాట తెలుగు. మనకి దగ్గరలో, ఉడుమలపేట వైపు తళి పాళెగాడు ఎత్తలప్ప నాయకుని పేరు ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు.

సంఘం సభల్లో మనం ఇంతవరకు చెప్పుకుని చప్పట్లు కొడతాం. పాళెములు, కత్తులు, గుర్రాలు. అవన్నీ నిజమే, కాదనం. కానీ కినత్తుకడవులో మన తెలుగుని నాలుగైదు వందల ఏళ్ళు నిలబెట్టింది కత్తి కాదు, కపిల. తమిళంలో కవలై అంటారు. ఆంధ్రలో కొన్ని చోట్ల మోట అంటారు.

ఈ నేల సంగతి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. పడమటి కనుమల్లో పాలక్కాడు దగ్గర 30 కిలోమీటర్లకి పైగా సందు ఉంది. ఆ సందులో నుంచి గాలి మాత్రం బాగా వస్తుంది, వాన మాత్రం కొండలకి అవతలే ఎక్కువ పడిపోతుంది. ఇక్కడ నల్లరేగడి మంచి నేల. పత్తి, జొన్న, సజ్జ, శనగ పండుతాయి. ఏడాది పొడుగునా పారే ఏరు ఊరి పక్కన లేదు. కాబట్టి రాతిని పగలగొట్టి బావి తవ్వుకోవలసిందే. కోయంబత్తూరు జిల్లా అంటేనే బావుల జిల్లా అని ఇంగ్లీషువాళ్ళ కాలంలోనే పేరు. 1887లో అచ్చయిన నికల్సన్ జిల్లా మాన్యువల్ చదివినవాళ్ళకి ఆయన బావుల వ్యవసాయానికి ఎంత చోటు ఇచ్చాడో తెలుసు.

కపిల ఎట్లా పని చేసేదో చిన్నవాళ్ళ కోసం చెప్తాం. బావి గట్టు మీద రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య గిలక. గిలక మీద నుంచి మోకు. మోకు కొసన పెద్ద తోలు సంచి, దాని అడుగున ఏనుగు తొండం లాంటి తోలు గొట్టం. తొండానికి వేరే సన్నతాడు. బావి నుంచి వెనక్కి ఏటవాలుగా ఒక బాట. జత ఎద్దులు ఆ వాలులో కిందికి నడుస్తుంటే సంచి పైకి వస్తుంది. తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. సంచి పైకి రాగానే తొండం తెరుచుకుని నీళ్ళు తొట్టిలో పడతాయి, అక్కడి నుంచి కాలువకి. ఎద్దులు వెనక్కి నడుచుకుంటూ మళ్ళీ పైకి. తెల్లవారుజాము నుంచి ఎండ ముదిరేదాకా ఇదే పని. బావి లోతు ఎంతో వాలు పొడవు అంత. ఇప్పటికీ పాత తోటల్లో ఆ రాతి స్తంభాలు, ఆ వాలు బాట కనిపిస్తే చూసి రండి. గైడు పుస్తకాల్లో వాటి పేరు ఉండదు. మన లెక్కలో అవే ఈ ఊరి పాత కట్టడాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ తోలు సంచిని కుట్టింది ఎవరు? తోలుని సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనబెట్టి, సంచి కుట్టి, వారు కోసి, చిరిగినప్పుడల్లా బాగు చేసి ఇచ్చినవాళ్ళు అరుంధతీయులు. మన వైపు మాదారి అని కూడా పిలుస్తారు. కొంగునాట వాళ్ళలో చాలా కుటుంబాల ఇంటి భాష తెలుగు. సంచి చిరిగితే ఆ రోజు తోటకి నీళ్ళు లేవు. రైతు ఎంత పెద్దవాడైనా ఆ చేతి పని లేకపోతే పంట లేదు. అయినా ఆ పని చేసినవాళ్ళని పొలానికి పాలేర్లుగా, అప్పుకి కట్టుబడినవాళ్ళుగా, ఊరి బయట చేరిలోనే ఉంచారు. తాము కుట్టిన సంచితో పైకి వచ్చిన నీళ్ళని తామే ముట్టుకోకూడదన్న కట్టుబాటు వాళ్ళ మీద ఉండేది. యజమానులు తమిళం మాట్లాడే గౌండర్లు కావచ్చు, తెలుగు మాట్లాడే నాయుళ్ళు కావచ్చు. ఈ విషయంలో తేడా లేదు. ఒకే భాష మాట్లాడినంత మాత్రాన మనుషులు ఒకటి కాలేదు. ఇది మన చరిత్రలో ఉన్న మాట. దాచిపెట్టి గొప్పలు మాత్రం చెప్పుకుంటే అది చరిత్ర కాదు.

తరువాత కాలం మారింది. 1930ల ఆరంభంలో నీలగిరుల్లోని పైకారా నుంచి కరెంటు వచ్చింది. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన మన జి.డి.నాయుడు గారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య తానే బస్సు తోలుకుంటూ వ్యాపారం మొదలు పెట్టారని అందరికీ తెలుసు. 1937లో ఆయన, డి.బాలసుందరం నాయుడు గారు కలిసి పీలమేడులో కరెంటు మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారు అదే అంటారు. కోయంబత్తూరు పంపుసెట్లు దేశమంతా పోయాయి. ముందు ఇనుప సంచి, తరువాత ఆయిల్ ఇంజను, ఆ తరువాత మోటారు. కొన్ని దశాబ్దాలలో తోలు సంచి అక్కర లేకుండా పోయింది. మోటారు కథ మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అదే మోటారు తోలుపని వాళ్ళ చేతి పనిని మింగేసింది, పాత కట్టుబాటుని కూడా చాలావరకు తెంపింది. బావి దగ్గర పని పోయినవాళ్ళు కూలికి, మిల్లుకి, పట్నానికి పోయారు. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 18 శాతంలో అరుంధతీయులకి 3 శాతం లోపలి రిజర్వేషన్ ఇచ్చింది. అంటే ఈ మధ్యనే.

బావి దగ్గర కపిల పోయినప్పుడు ఇంకొకటి కూడా పోయింది. రైతు, పాలేరు పొద్దున్నే ఒకరితో ఒకరు మాట్లాడుకునే తెలుగు. మోకు, గిలక, తొండం, వారు, ఊట, మడవ లాంటి మాటలన్నీ ఆ పనితోనే బతికాయి. స్విచ్చు వేయడానికి ఆ మాటలు అక్కర లేదు.

ఊరికి ఇంకో గుర్తు రైలు స్టేషను. పోతనూరు, పొల్లాచ్చి మధ్య మీటరు గేజి లైను 1915లో వేశారు. గేజి మార్పు కోసం చాలా ఏళ్ళు రైళ్ళు ఆగిపోయి 2017లో బ్రాడ్ గేజి మీద మళ్ళీ నడిచాయి. ఆ తరువాత చెప్పవలసింది కూరగాయల సంత. కినత్తుకడవు టమోటా అంటే కేరళ వ్యాపారులకి బాగా తెలుసు. సంతలో నిలబడితే తమిళం, మలయాళం వినపడతాయి, చెవి పెట్టి వింటే మన తెలుగూ, కన్నడమూ వినపడతాయి. దగ్గరలోనే నెగమం. అక్కడి నూలు చీరకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొంగునాట నేతపనిలో ఉన్న దేవాంగుల ఇళ్ళలో కొందరిది కన్నడం, కొందరిది తెలుగు. ఒకప్పుడు పొల్లాచ్చి తాలూకాలో ఒక పల్లెగా ఉన్న కినత్తుకడవు ఇప్పుడు తానే తాలూకా కేంద్రం.

మన భాష ఎక్కడ ఉంది? నోట్లో ఉంది, కాగితం మీద లేదు. మదురై నాయకుల కొలువులో తెలుగు కాగితం మీద ఉండేది. విజయరంగ చొక్కనాథుని కాలంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినీ భారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. కొలువు పోయింది, ఆ రాత ఊళ్ళకి చేరలేదు. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు, పెళ్ళిపత్రిక తమిళంలో అచ్చు వేయిస్తారు. 2006 చట్టం తరువాత పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి. తమిళం మనకి అన్నం పెట్టిన భాష, దాని మీద మనకి ఏ ఫిర్యాదూ లేదు. కోవిల్‌పట్టి వైపు కరిసల్ నేలలో పుట్టిన కి.రాజనారాయణన్ గారి ఇంటి మాట తెలుగే. మనవాళ్ళ వలస కథని ఆయన గోపల్ల గ్రామం అని 1976లో నవలగా రాశారు, తమిళంలో. ఆయన రాశారు కాబట్టి ఆ వలస జ్ఞాపకం నిలిచింది. కొంగు తెలుగుకి, కపిల తెలుగుకి అట్లా రాసినవాళ్ళు ఇంకా కావాలి.

అందుకే ఒక మనవి. మీ ఇంట్లో 75 దాటిన తాతో, అవ్వో ఉంటే వాళ్ళ దగ్గర కూర్చుని కపిల గురించి అడగండి. ప్రతి భాగానికి వాళ్ళు ఏ పేరు చెప్తారో ఫోనులో రికార్డు చేయండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లోనే రాసుకోండి, తప్పు లేదు. ఎద్దుల్ని ఏమని అదిలించేవాళ్ళు, నీళ్ళు తగ్గితే ఏమనేవాళ్ళు, పని పాటలు ఏమైనా గుర్తున్నాయా అడగండి. మన ఇళ్ళలో మాత్రమే అడిగితే సగమే దొరుకుతుంది. చేరిలో ఉన్న పెద్దల దగ్గరికి కూడా పోవాలి. తోలు ఊనబెట్టే మాటలు, సంచి కుట్టే మాటలు వాళ్ళకే తెలుసు. వాళ్ళని మన తోటపని గురించి చెప్పే సాక్షులుగా కాదు, ఈ ఊరి తెలుగులో సగానికి సొంతదారులుగా ఎంచి, గౌరవంగా అడగాలి. వాళ్ళు చెప్పింది వాళ్ళ పేరు మీదే, వాళ్ళు ఒప్పుకుంటేనే రాయాలి.

కినత్తుకడవులో బోర్లు ఏటేటా లోతుకి పోతున్నాయి. పాత బావులు కొన్ని పూడిపోయాయి, కొన్ని ఇళ్ళ స్థలాలు అయిపోతున్నాయి. బావులన్నిటినీ మనం నిలబెట్టలేకపోవచ్చు. బావి దగ్గర పుట్టిన మాటలని నిలబెట్టడానికి ఒక నోటుబుక్కు, నాలుగు ఆదివారాలు చాలు. వచ్చే సభకి ఎవరు ఎన్ని మాటలు తెస్తారో చూద్దాం. పాళెముల కథ తరువాత చెప్పుకుందాం, ఈసారి ముందు బావి మాటలు చదువుదాం.