ఫ్యాన్ లేని కార్డు

ఫ్యాన్ లేని గ్రాఫిక్స్ కార్డు కొత్త వింతేం కాదు. మధ్యలో వచ్చి చేరింది ఫ్యానే. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ వూడూ కార్డులు వచ్చినప్పుడు చాలావాటి చిప్పుల మీద ఫ్యాను కాదుకదా, వేడి లాగే అల్యూమినియం ముక్క కూడా ఉండేది కాదు. మూడేళ్లకే, 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 వచ్చేసరికి చిప్పు నెత్తిన బుల్లి ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

2003లో జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రాతో రొద శ్రుతి మించింది. చేత్తో పట్టుకుని దుమ్ము పీల్చే మెషిన్ పేరే దానికీ తగిలించి ‘డస్ట్‌బస్టర్’ అన్నారు జనం. చివరికి కంపెనీవాళ్లే ఆ కార్డును ఎండుటాకులు ఊదే మెషిన్‌కు బిగించి వీడియో తీసి, తమ మీద తామే జోకేసుకున్నారు. అంత హాస్యం ఇప్పటి కంపెనీల్లో నాకైతే కనపడదు.

ఈ రొదకు విరుగుడు ఎప్పుడో పుట్టింది. 1942లో జనరల్ మోటార్స్‌లో పనిచేసే రిచర్డ్ గాగ్లర్, ఫ్రిజ్‌ల కోసం ఒక గొట్టం ఊహించి పేటెంటుకు పెట్టాడు. అది కాగితాల్లోనే ఉండిపోయింది. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని తనంతట తాను మళ్లీ కనిపెట్టి, ‘హీట్ పైప్’ అన్నాడు. అంతరిక్షంలో వాడే పరికరాలకు అది బాగా పనికొచ్చింది.

చూడ్డానికి పెన్సిలంత రాగి గొట్టం. లోపలి గాలి తీసేసి, చెంచాడైనా ఉండని నీళ్లు పోసి, రెండు కొసలూ మూసేస్తారు. గాలి ఒత్తిడి లేదు కాబట్టి ఆ నీళ్లు వంద డిగ్రీలకు చాలా ముందే మరుగుతాయి. చిప్పు దగ్గర పుట్టిన ఆవిరి చల్లటి కొసకు పరుగెత్తి, ఇడ్లీ పాత్ర మూతకు పట్టినట్టు చుక్కలు కడుతుంది. ఆ నీళ్లు వెనక్కి రావడానికి లోపలి గోడకు రాగిపొడితో చేసిన పొర ఉంటుంది. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు అది నీటిని లాక్కుంటుంది. ఇంగ్లిష్‌లోనూ దాన్ని వత్తి అనే అంటారు.

2000ల మొదట్లో కొరియా కంపెనీ జాల్మన్, కార్డుకు ముందొకటి వెనకొకటి బరువైన అల్యూమినియం రెక్కల పలకలు పెట్టి, వాటిని హీట్ పైపుతో కలిపి అమ్మింది. పాత ఫ్యాను పీకి దీన్ని బిగించుకోవడం కొన్నవాళ్ల పని. ఆ తర్వాత గిగాబైట్ లాంటి కంపెనీలు ఫ్యాన్ లేని కార్డులనే నేరుగా అమ్మాయి. 2014 నాటికి పని తక్కువున్నప్పుడు ఫ్యాను ఆగిపోయే రాజీమార్గం దొరికింది.

డేటా సెంటర్ల కార్డులకూ చాలావాటికి ఫ్యానుండదు. కానీ సర్వర్ ముందుండే ఫ్యాన్ల హోరుకు పక్కవాళ్ల మాట వినపడదు.

ఇళ్లలో మాత్రం ఈ నిశ్శబ్దం చిన్న కార్డులకే పరిమితం. పాలిట్ తెచ్చిన ఫ్యాన్ లేని ఆర్‌టీఎక్స్ 3050 తినేది 70 వాట్లు. ఆర్‌టీఎక్స్ 5090 లాంటి పెద్ద కార్డు తినేది 575.

కొనేవాళ్లకు ఒక్క మాట. హీట్ పైపు వేడిని మోస్తుందే గానీ మాయం చెయ్యదు. మే నెలలో గది 40 డిగ్రీలుంటే కార్డు అంతకన్నా చల్లబడదు. ముందు మీ క్యాబినెట్ పైమూతకు జాలీ ఉందో లేదో చూసుకోండి.