కంఠమునకు తగిలిన కుదుపు

మెడ పట్టినదన్నచో మన చేయి అప్రయత్నముగా వెనుకకే పోవును. వైద్యశాస్త్రపు చేయియు చిరకాలము అటే పోయినది.

1865 జూన్ 9న ఇంగ్లండులో స్టేపిల్‌హర్స్ట్ కడ, మరమ్మతుకై పట్టాలు తొలగించిన వంతెనపై రైలు కూలి పదిమంది మరణించిరి. అందు ప్రయాణించుచుండిన నవలాకారుడు చార్లెస్ డికెన్స్ పెద్ద గాయమేమియు లేక బయటపడి, తన టోపీతో నీరు తెచ్చి క్షతగాత్రులకు ఉపచరించెను గాని, పిదప రెండు వారములు ఆయనకు గొంతు పెగలలేదు. అది భయమువలననో కుదుపువలననో నేడెవ్వరును నిర్ణయింపజాలరు. మరుసటి యేట లండను శస్త్రవైద్యుడు ఎరిక్సెన్ రైలు ప్రమాదముల కుదుపు వెన్నును చెరచునని ఉపన్యాసములు ప్రకటించెను. 1883లో రైల్వే కంపెనీ వైద్యుడు హెర్బర్ట్ పేజ్ అది చాలవరకు భయజన్యమే యని ఖండించెను. నష్టపరిహారపు వ్యాజ్యములలో పెరిగిన ఆ వివాదము వెన్నెముకకును మనస్సునకును నడుమనే తిరిగినది.

ఝళిపించిన కొరడావలె మెడ విసరబడుటను 1928లో అమెరికా వైద్యుడు హెరాల్డ్ క్రో 'విప్‌లాష్' అనెను. కదలికకు పెట్టిన పేరు రోగనామమై స్థిరపడినందులకు ఆయనయే తరువాత చింతించెను.

కంఠపు ముందుభాగమున నాలుక మొదట నొక చిన్న యెముక కలదు. అది మరి యే యెముకతోను కీలు కలియక, కండరముల నడుమ ఉట్టివలె వ్రేలాడును. స్వరపేటిక దానిని ఆశ్రయించి యుండును. మ్రింగునప్పుడు ఈ రెండును పైకిని ముందునకును లేచినగాని శ్వాసమార్గము చక్కగా మూసికొనదు, అన్నవాహిక తెరచుకొనదు. ఉట్టి త్రాళ్లు బెణికినచో ముద్ద దారి తప్పును, మాట బొంగురుపోవును. పొలమారినచో ఎవరో తలచుకొనుచున్నారని మాడుపై తట్టుట మన యిండ్ల వాడుక. ప్రమాదము పిదప ప్రతి భోజనమునను పొలమారువానిని మాత్రము అట్లు ఊరడించి విడువరాదు.

ఈ ముందుభాగమును ప్రయోగమున కన్నులార చూచినవాడు టొరంటో శస్త్రవైద్యుడు ఇయన్ మాక్నాబ్. 1960 దశకమున ఆయన వానరములపై జరిపిన పరీక్షలలో, తల వెనుకకు విరుచుకొనినప్పుడు వెన్నెముకకు ముందరి కండరములు చినుగుటయు, అన్నవాహిక కండరమున రక్తము చేరుటయు కనబడినవి. మ్రింగలేకపోవుట రోగి కల్పన యనువారికి ఇంతకంటె సమాధానమేమి కావలెను? అయినను 1995లో క్యూబెక్ నిపుణుల సంఘము ఈ గాయములను తరగతులుగా విభజించునాటికి గాని, ఏ తరగతియందైనను పొడసూపదగిన లక్షణములలో మ్రింగుట కష్టమగుట చేరలేదు. ఆ పట్టికలో చెవుడు కలదు, తలతిరుగుట కలదు, మతిమరపు కలదు, స్వరభేదము లేదు.