చూస్తే ఒకటే, చదివితే వేరు

మొన్నామధ్య మా టామీకి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరుగారు మలం పరీక్ష చేసి "జియార్డియా" అన్నారు. వెంటనే మా అమ్మ, "చంటిపిల్ల పాకే ఇల్లండీ, దానికి అంటుకుంటే?" అంది. "మైక్రోస్కోపులో అది ఏ రకమో తెలీదమ్మా, చేతులు శుభ్రంగా కడుక్కోండి" అన్నారాయన. ఎందుకు తెలీదా అని చదవడం మొదలుపెడితే మూడొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

1681లో డెల్ఫ్ట్ అనే డచ్చి పట్టణంలో లేవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి, తనకి విరేచనాలైతే తన మలాన్నే సొంతంగా చేసుకున్న కటకంతో చూశాడు. అందులో ఈదుతూ కనిపించినవి జియార్డియాలేనని శాస్త్రవేత్తల అభిప్రాయం. 1923లో షీథర్ అనే ఆయన, చిక్కటి పంచదార ద్రావణంలో కలిపితే పరాన్నజీవులు పైకి తేలతాయని చూపించాడు. అలా తేల్చి చూసే పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

కానీ ఎంత బాగా తేల్చినా కంటికి కనిపించేది రూపమే కదా! జియార్డియాలో ఎ, బి రకాలు మనుషులకి సోకుతాయి. సి, డి రకాలు ప్రధానంగా కుక్కలవి. చూడ్డానికి మాత్రం అన్నీ ఒకటే. మన భాషలో చెప్పాలంటే ఫైలు పేరూ సైజూ ఒకటే, లోపల కోడ్ వేరు. తెరిచి చదివితే తప్ప తేడా తెలీదు.

చదివే దారి 1983లో కేరీ మల్లిస్ ఆలోచించిన పిసిఆర్‌తో తెరుచుకుంది. డీఎన్ఏ ముక్కని ప్రతి విడతలో రెట్టింపు చేస్తూ పోతే, ముప్పై విడతల్లో లెక్క ప్రకారం ఒకటి వంద కోట్లు దాటుతుంది. రెండు పవర్ ముప్పై అంటే మనకి వేరే చెప్పక్కర్లేదు.

మా అమ్మ అడిగిన ప్రశ్నకి ఈ పద్ధతితో జవాబు వెతికింది మన దేశంలోనే. అస్సాం తేయాకు తోటల్లోని మనుషుల, కుక్కల జియార్డియాల జన్యువులు పోల్చిన పరిశోధన 2004లో వెలువడింది. మనుషులకి సోకే రకాలు కొన్ని కుక్కల్లోనూ దొరికాయి. జియార్డియా ఉన్న కుక్క ఇంట్లో ఉంటే, ఆ ఇంటివాళ్ళలోనూ అది ఎక్కువగా కనిపించింది. అంటే అమ్మ భయం ఉత్తదేం కాదు. అలాగని కుక్కలో ఉన్నదల్లా మనకొస్తుందనీ కాదు.

2019కి ప్రశ్న ఇంకో మెట్టెక్కింది. అమెరికా కుక్కల కొంకిపురుగుల్లో, ఫెన్‌బెండజోల్ లాంటి మందులకి లొంగనివ్వని ఒక జన్యుమార్పు బయటపడింది. "ఉందా?", "ఏ రకం?" దాటి "మందుకి చస్తుందా?" దాకా వచ్చామన్నమాట.

పిసిఆర్ కూడా దేవుడేం కాదు. చచ్చిన క్రిమి డీఎన్ఏ కూడా దానికి దొరుకుతుంది. కుక్కని చూసి నిర్ణయించాల్సింది డాక్టరే.

కరోనా పుణ్యమా అని 2020 తర్వాత పిసిఆర్ మాట తెలియని ఇల్లు లేదు. అయినా మేం వెళ్ళే చోట రకం తేల్చే పరీక్ష లేదు. టామీది ఏ రకమో తెలీకుండానే మందు వేశాం, తగ్గింది. ఈసారి మీ కుక్కకి "ఏదో ఉంది" అంటే అక్కడితో ఆగకండి. "ఏ రకమండీ?" అని అడగండి. అడిగేవాళ్ళుంటేనే కదా పరీక్షలొచ్చేది!