కోనసీమ కళాశాల విద్యార్థులకు గ్రంథాలయ పరిశోధన, సమాచార సాంకేతిక నైపుణ్యాలు

ప్రత్యేక వ్యాసం

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని కాట్రేనికోన బంగాళాఖాతం ఒడ్డున గల మండలం. ఇక్కడి గ్రామాల నుంచి డిగ్రీ చదువుకు వెళ్లే విద్యార్థుల చేతికి నేడు సెల్‌ఫోన్ వచ్చింది. అయితే కావలసిన సమాచారాన్ని వెదకి పట్టుకోవడం, అది నిజమో కాదో తేల్చుకోవడం, ఎక్కడి నుంచి గ్రహించినదీ తెలియజేస్తూ రాయడం ఫోనుతో పాటు వచ్చే విద్యలు కావు. వాటిని తరగతి గదిలో పాఠంగా నేర్పవలసి ఉంది. ఈ బాధ్యతలో కంప్యూటర్ అధ్యాపకునితో సమానమైన పాత్ర కళాశాల గ్రంథపాలకునికి కూడా ఉంది.

గ్రంథాలయోద్యమ వారసత్వం

గ్రంథాలయ సేవ గోదావరి సీమకు కొత్త కాదు. ఆంధ్ర దేశంలో గ్రంథాలయోద్యమ పితామహునిగా పేరొందిన అయ్యంకి వెంకటరమణయ్య 1890లో తూర్పు గోదావరి ప్రాంతంలోని కొంకుదురులో జన్మించారు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పాటులో ఆయన కీలక పాత్ర వహించారు. ఆయన సేవలకు గుర్తింపుగా 1972లో పద్మశ్రీ లభించింది. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి మూలమైన వాసురాయ గ్రంథాలయం 1898లోనే ప్రారంభమైంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థల వ్యవస్థకు చట్టబద్ధత ఏర్పడింది. ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను ఈ సంస్థలకు ప్రధాన ఆదాయ వనరు.

ఉన్నత విద్య విషయానికి వస్తే, అమలాపురంలో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల 1951లో నెలకొన్నది. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం రాజమహేంద్రవరంలో ఏర్పడడంతో గోదావరి జిల్లాల కళాశాలలకు విశ్వవిద్యాలయం చేరువైంది.

అందుబాటులోని వనరులు

ఒకప్పుడు పుస్తకం దొరకకపోవడమే పల్లె విద్యార్థికి ప్రధానమైన ఇబ్బంది. డిజిటల్ వనరులు పెరిగాక ఆ ఇబ్బంది చాలా వరకు తగ్గింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2010లో ప్రారంభించిన ఎన్-లిస్ట్ పథకం ద్వారా కళాశాలల విద్యార్థులు, అధ్యాపకులు తమ సొంత గుర్తింపు సంఖ్యతో ఎలక్ట్రానిక్ పత్రికలు, పుస్తకాలు చదివే వీలు కలిగింది. ఇదే కేంద్రం నిర్వహించే శోధగంగలో దేశంలోని విశ్వవిద్యాలయాలకు సమర్పించిన పరిశోధన గ్రంథాలు లభిస్తాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018 జూన్ 19న జాతికి అంకితమైంది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకం ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఉన్నత విద్యాసంస్థలకు సుమారు 13 వేల పత్రికలను అందించేందుకు ఉద్దేశించినది. దీనికి మూడేళ్లకు రూ. 6,000 కోట్లు కేటాయించారు.

వనరులు ఇంతగా పెరిగినా, వాటిలో ఏది తమకు వర్తిస్తుందో, ఎలా ప్రవేశించాలో తెలియని విద్యార్థికి అవి లేనట్లే. ప్రవేశాలు ముగిసిన తొలి వారంలోనే గ్రంథపాలకుడు ప్రతి విద్యార్థికి గుర్తింపు సంఖ్య ఇప్పించి, వారి చేత ఒక వ్యాసాన్ని స్వయంగా వెదికించడం ఈ లోటును తీర్చే మొదటి మెట్టు.

పాఠం ఎలా ఉండాలి: ఒక ఉదాహరణ

స్థానిక అంశాన్ని ఎంచుకుంటే పరిశోధన పద్ధతులు సులభంగా అర్థమవుతాయి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన పెను తుపాను కోనసీమలో వెయ్యి మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. లెక్కకు మించి కొబ్బరి చెట్లు నేలకూలాయి. కాట్రేనికోన తీర గ్రామాలు ఆ విపత్తును చవిచూశాయి. నేటి డిగ్రీ విద్యార్థులు అప్పటికి పుట్టి ఉండరు. వారికి అది తాతల నోట విన్న కథ మాత్రమే.

ఈ అంశంపై వ్యాసం రాయాలనుకున్న విద్యార్థి ముందుగా ప్రశ్నను కుదించుకోవాలి. ‘తుపానులు’ అనే విశాలమైన అంశం కన్నా, ‘1996 తుపాను తరువాత కాట్రేనికోన మండలంలో కొబ్బరి సాగు ఎలా కోలుకున్నది’ అనే ప్రశ్నకు సమాధానం వెదకడం సాధ్యం.

రెండవది పదాల ఎంపిక. పత్రికలలో ‘తుపాను’, ‘తుఫాను’ అనే రెండు రూపాలూ కనిపిస్తాయి. ఒకదానితో వెదికితే రెండవది తప్పిపోవచ్చు. నవంబరు తుపాను అని మాత్రమే అడిగితే 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వివరాలు కూడా వచ్చి కలుస్తాయి. సంవత్సరం, ప్రాంతం తప్పక జతచేయాలి.

మూడవది పాలనాపరమైన పేర్లు. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు సంవత్సరాల గణాంకాలను తూర్పు గోదావరి పేరు కిందనే వెదకాలి. మండలాలు 1985లో ఏర్పడినవి గనుక అంతకు ముందరి లెక్కలు తాలూకాల వారీగా ఉంటాయి. 1925కు పూర్వపు సమాచారం గోదావరి జిల్లా పేరుతో లభిస్తుంది. 1907లో హెమింగ్వే వెలువరించిన గోదావరి జిల్లా గెజిటీర్ ఇందుకు ఉదాహరణ.

నాలుగవది ఆధారాల తులన. వాతావరణ శాఖ నివేదిక, ప్రభుత్వ సహాయ చర్యల నివేదికలు, ఆనాటి దినపత్రికలు, ప్రత్యక్ష సాక్షుల మాటలు ఒక్కొక్కటి ఒక్కో విధమైన ఆధారం. మృతులను, గల్లంతైన వారిని కలిపి చెప్పిన లెక్కకు, విడిగా చెప్పిన లెక్కకు తేడా ఉంటుంది. ఏ లెక్క ఎవరు, ఎప్పుడు ఇచ్చారో గమనించి రాయడం విద్యార్థికి అలవడాలి.

తెలుగు సమాచారంలో ప్రత్యేక సమస్యలు

యూనికోడ్ వాడుక వ్యాపించక ముందు అను తదితర ఖతులలో టైపు చేసిన పత్రాలు సాధారణ అన్వేషణకు దొరకవు. స్కాన్ చేసిన పాత పుస్తకాలు బొమ్మలుగా మాత్రమే ఉన్నప్పుడు వాటి లోపలి మాటలను యంత్రం చదవలేదు. ఇటువంటి చోట పుస్తకం పేరు, రచయిత పేరుతో సూచిక చూడడం, పుటలు తిప్పి చదవడం తప్పదు. కంప్యూటర్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేయడం కూడా ఈ శిక్షణలో భాగం కావాలి.

ఇటీవల ప్రాచుర్యం పొందిన కృత్రిమ మేధ సాధనాలు లేని పుస్తకాన్ని ఉన్నట్లు చూపే సందర్భాలు ఉన్నాయి. అవి పేర్కొన్న ప్రతి గ్రంథం నిజంగా ఉన్నదీ లేనిదీ గ్రంథాలయ సూచికలో సరిచూసుకోవాలి.

నకలు నివారణ

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం పరిశోధన గ్రంథంలో ఇతరుల రచనతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 60 శాతం మించితే విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఉన్నత స్థాయిలో ఇంత కఠినమైన నియమం ఉన్నప్పుడు, మూలాన్ని పేర్కొనే అలవాటు డిగ్రీ మొదటి సంవత్సరంలోనే నేర్పడం విద్యార్థికి మేలు.

చేయవలసినది

రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో సమాచార, ప్రసార సాంకేతికతను జీవన నైపుణ్య కోర్సులలో ఒకటిగా చేర్చింది. గ్రామ సర్వేతో కూడిన సామాజిక సేవా ప్రాజెక్టును కూడా ప్రవేశపెట్టింది. సర్వేకు వెళ్లే ముందే ఆ గ్రామపు జనాభా లెక్కలు, పాత నివేదికలు గ్రంథాలయంలో చదివించి, తిరిగి వచ్చాక విద్యార్థుల వివరాలను వాటితో పోల్చి చూపిస్తే కంప్యూటర్ పాఠం, గ్రంథాలయ పాఠం, గ్రామ పరిశీలన ఒకటవుతాయి. ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. కాలపట్టికలో వారానికి ఒక గంట, బోధనలో గ్రంథపాలకునికి స్థానం ఉంటే చాలు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఈ శిక్షణ ప్రారంభించేందుకు అనువైన సందర్భం. తీర గ్రామాల విద్యార్థులు తమ ఊరి చరిత్రను, తాము ఎదుర్కొనే విపత్తులను ఆధారాలతో తామే నమోదు చేయగలిగిన నాడు ఆ సమాచారం అధికారులకు, పాత్రికేయులకు కూడా నమ్మదగిన వనరు కాగలదు. ఈ దిశగా కళాశాలల యాజమాన్యాలు, విద్యాశాఖ అధికారులు దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉంది.