పడని క్రీము కథ

"ఒంటికి పడలేదమ్మా" అనే మాట మన ఇళ్ళల్లో ఎప్పట్నించి ఉందో గాని, డాక్టర్లకి "ఎలర్జీ" అనే మాట దొరికింది మాత్రం 1906లోనే. వియన్నాలో పిర్కే అనే పిల్లల డాక్టరు దాన్ని పుట్టించాడు. వంకాయ పడకపోతే మానేస్తాం, సరే. ముడతలు పోవాలని రాసుకున్న క్రీమే పడక, ముఖం ఎర్రగా కంది, కనురెప్పలు ఉబ్బితే ఎవర్ని తిట్టాలి?

రెండో శతాబ్దంలో రోము నగరంలో ఉన్న గేలెన్ అనే గ్రీకు వైద్యుడి పేరున ఒక లేపనం చెబుతారు. మైనం, ఆలివు నూనె, నీళ్ళు కలిపి చిలికినది. మన కోల్డు క్రీముకి అదే తాత. చల్లగా, మెత్తగా బాగానే ఉండేదిట గాని నిలవుండదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? నీళ్ళు కలిసిన ఏ క్రీముకైనా అదే గతి. అందుకే బూజు పట్టకుండా కంపెనీలవాళ్ళు ఓ నిలవమందు కలుపుతారు. ముఖం కందితే మనం వయసు తగ్గించే దినుసునే అనుమానిస్తాం. చాలాసార్లు గొడవ పెట్టేది వాసన కోసం వేసిన అత్తరో, చీమతలకాయంత అక్షరాల్లో అడుగున దాక్కున్న ఈ నిలవమందో!

"ఇన్నేళ్ళుగా రాస్తున్నా, ఇప్పుడెందుకు పడదే?" అంటుంది మా పిన్ని. ఈ రకం ఎలర్జీ మొదటిరోజే రాదు. చర్మం ఆ వస్తువుని కొన్నాళ్ళు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి చూసి చూసి, ఓ రోజు శత్రువని తేల్చుకుంటుంది. ఆ తరవాత మరి మరిచిపోదు. ఆడపడుచు పట్టింపులాగే అందామంటే, నేనూ ఒకరికి ఆడపడుచునే.

1895లో యాడసోన్ అనే జర్మను చర్మవైద్యుడు దొంగని పట్టే ఉపాయం చెప్పాడు. అనుమానమున్న వస్తువుని బాగున్న చర్మం మీద పట్టీలా అంటించి చూడడం. ఇప్పటికీ అదే పద్ధతి. వీపు మీద రెండు రోజులు పట్టీలు, తీశాక ఒకట్రెండు రోజులాగి మళ్ళీ చూపు. అందుకే పడని క్రీము డబ్బా విసిరి పారెయ్యకండి, డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.

అసలు తమాషా ఈ మధ్య జరిగింది. పేరాబెన్లనే నిలవమందులు దశాబ్దాలపాటు క్రీముల్లో కాపురం చేశాయి. 2004లో బ్రిటన్‌లో ఒక పరిశోధన రొమ్ము కణితుల్లో వాటి జాడ కనబడిందంది. వాటివల్లే కణితి వచ్చిందని అనలేదు సుమండీ! అయినా జనం బెదిరారు. కంపెనీలు వేరే మందులు వెతుక్కున్నాయి. అందులో ఒకటి మిథైల్‌ఐసోథయాజోలినోన్. పలకడానికే నోరు తిరగదు. యూరప్‌లో 2005 నించి దాన్ని ఒంటరిగా క్రీముల్లో వాడనిచ్చారు. పదివేల పాళ్ళలో ఒక్క పాలు మించకూడదన్నారు. ఆ ఒక్క పాలే చాలింది, ముఖాలు కందడానికి. 2013లో అమెరికాలో చర్మపు ఎలర్జీలు చూసే వైద్యుల సంఘం దానికి "ఈ ఏటి ఎలర్జీ కారకం" అని బిరుదిచ్చింది. 2017లో యూరప్‌లో, రాసుకుని కడుక్కోకుండా ఉంచుకునే క్రీముల్లోంచి దాన్ని వెళ్ళగొట్టారు.

మరి పేరాబెన్లో? 2019లో అదే సంఘం వాటిని "ఈ ఏటి ఎలర్జీ కాని వస్తువు" అని ప్రకటించింది. ఈలోగా "పేరాబెన్లు లేవు" అన్న చీటీ డబ్బాల మీద ఎక్కి కూర్చుంది. ఆ చీటీ చూసి మురిసిపోయి కొనేవాళ్ళలో మా పిన్ని ముందుంటుంది.