గుర్రం మీది గొడుగు

సాంచి స్తూపం తూర్పు తోరణం నడిమి దూలం మీద ఒకే గుర్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దాని మీద రౌతు లేడు. అయినా పైన గొడుగు పట్టారు. చప్పుడుకు కపిలవస్తు మేలుకోకుండా దేవతలు దాని గిట్టలు మోస్తున్నారు. దూలం చివర రెండు పెద్ద పాదాల గుర్తులు, గొడుగు ఇప్పుడు వాటి మీద. కింద ఆ గుర్రం, కంథకం, ఇంటిదారి పట్టింది, దానికి గొడుగు లేదు. సిద్ధార్థుడు ఇల్లు విడిచాడని చెప్పడానికి శిల్పికి ఆయన రూపమే అక్కర్లేకపోయింది!

ఈ నేర్పుతో మనకూ చుట్టరికముంది. సాంచి దక్షిణ తోరణం మీద శాతవాహన రాజు శాతకర్ణి కొలువులోని శిల్పుల పెద్ద, వాసిఠి కొడుకు ఆనందుడి పేరు చెక్కి ఉంది. అమరావతిలో ఖాళీ ఆసనం, బోధివృక్షం, చక్రం, మంటలెగసే స్తంభం బుద్ధుడికి బదులు నిలిచాయి. అన్నిట్లోకీ నాకు ఇష్టం తలపాగా. సిద్ధార్థుడు తీసేసిన తలపాగాను దేవతలు స్వర్గానికి మోసుకెళ్లి ఉత్సవం చేసే ఘట్టం భర్హుత్‌లోనూ ఉంది, అమరావతిలోనూ ఉంది. భూపాలపల్లికి పక్కనున్న పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో ముచలింద నాగం పడగ విప్పింది, దాని నీడన బుద్ధుడి రూపం లేదు. ఇవి బుద్ధుడికి మారుగుర్తులు కావని, భక్తులు కొలిచిన స్థలాలూ వస్తువులేనని కళాచరిత్రకారిణి సూసన్ హంటింగ్టన్ వాదించారు. గొడుగు గుర్రం మీంచి పాదాల మీదికి మారడం చూశాక ఆ వాదన నాకు ఎక్కదు.

జనగామ నుంచి సూర్యాపేట దారిలో, తిరుమలగిరి దాటాక ఫణిగిరి గుట్ట వస్తుంది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ఒక ప్రధాన వైద్యుడు ఇక్కడ ధర్మచక్ర స్తంభం ఎత్తించాడు. అప్పటికే బుద్ధుడికి మనిషి రూపం వచ్చేసింది, అయినా చక్రానికి గౌరవం తగ్గలేదు. 2019లో ఇదే గుట్ట మీద నిలువెత్తు గచ్చు బోధిసత్వుడు బయటపడ్డాడు.

తర్వాతి శతాబ్దాల్లో స్తూపాలు మట్టిదిబ్బలయ్యాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చేనాటికి అమరావతి దిబ్బను రాళ్ల కోసం తవ్వుతున్నారు. ఎన్నో సున్నపురాతి పలకలు సున్నపు బట్టీల పాలయ్యాయి. ఆ రాళ్లలోని కథ చదవడం తెలిసినవాళ్లు అంతకు ఎన్నో తరాల ముందే పోయారు, నాకు అదే పెద్ద నష్టం.

ఫణిగిరి తోరణపు దూలం మాత్రం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లింది. జనగామ, మహబూబాబాద్ బడిపిల్లలు పొద్దున బయల్దేరితే ఆ గుట్ట చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పంతుళ్లు ఒక్కసారి తీసుకెళ్లి, ఒక్కో గుర్తూ చూపించి కథ చెప్పించాలి.